మెటల్ వాల్వ్ ఉన్న పేషెంట్‌కి కొలెస్ట్రాల్ బిళ్ళ: ఐఎన్ఆర్ 2.8 నుంచి 7.4కి ఎలా వెళ్ళింది

పేషెంట్ వయసు 54. సూర్యాపేట వైపు పల్లెటూరు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండెలోని మైట్రల్ వాల్వ్ పాడైంది. తొమ్మిదేళ్ళ కింద ఆరోగ్యశ్రీలో హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ వేశారు. అప్పటి నుంచి, వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా, రోజూ సాయంత్రం ఎసినోకౌమరాల్ వేసుకుంటోంది. మెడికల్ షాపుల్లో ఎసిట్రోమ్ అని అడిగే బిళ్ళ ఇదే. ఒకరోజు 2 మి.గ్రా., మర్నాడు 3 మి.గ్రా. ఐదేళ్ళుగా షుగర్ కూడా ఉంది, దానికి మెట్‌ఫార్మిన్. ఆమెను గుర్తుపట్టే వివరాలన్నీ ఇక్కడ తీసేశాను.

మందు విషయంలో ఆమె చాలా పద్ధతిగా ఉంటుంది. నెలనెలా ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే టెస్టు; అంకె పెరిగితే రక్తస్రావం భయం, తగ్గితే గడ్డల భయం) చేయించి చిన్న నోట్‌బుక్‌లో రాయించుకుంటుంది. మెటల్ మైట్రల్ వాల్వ్ ఉన్నవాళ్ళకి ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. నోట్‌బుక్ చివరి పేజీలో అంకెలన్నీ ఆ గీతల మధ్యనే ఉన్నాయి. నాలుగు వారాల కింద 2.8.

వచ్చిన రోజు

"సారూ, తొడలు గుంజుతున్నయ్. కూసుంటే లేవలేకపోతున్న. మా ఊళ్ళ సూది ఏయించుకున్న, ఆడ ఇంకా గట్టిగయింది."

తొడల నొప్పి పది రోజులుగా ఉంది. రెండు రోజుల కింద ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ ఇంజెక్షన్ చేయించుకుంది. కుడి పిరుదు మీద అరచేయంత మేర గట్టిగా వాచి ఉంది. చర్మం నల్లగా కమిలి, ఆ నలుపు తొడ వెనక దాకా జారింది. నిన్నటి నుంచి పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని, ఉమ్మితే ఎర్రగా పడుతోందని కూతురు చెప్పింది. పేషెంట్ మాత్రం ఆ సంగతి ఎత్తనే లేదు. ఆమె టెన్షన్ అంతా తొడల గురించే.

బీపీ 130/80, నాడి 88. స్టెతస్కోప్ పెడితే మెటల్ వాల్వ్ క్లిక్ స్పష్టంగా వినిపిస్తోంది. ఇలాంటి పేషెంట్‌లో నేను మొదట వినేది దాన్నే. క్లిక్ మందగిస్తే వాల్వ్ మీద గడ్డ కట్టిందేమో అని అనుమానించాలి. తలనొప్పి, వాంతులు, చూపు మసక, నల్లటి విరేచనం ఏవీ లేవు.

ఐఎన్ఆర్ 7.4 వచ్చింది. ఇంత ఎక్కువ అంకె కనబడితే, వైద్యం మొదలుపెడుతూనే శాంపిల్ మళ్ళీ పంపించాలి. నీలం మూత ట్యూబ్‌లో గీత దాకా రక్తం నింపకపోతే అందులో రక్తం గడ్డకట్టకుండా వేసి ఉంచే సిట్రేట్ పాళ్ళు ఎక్కువై ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రెండోసారి నిండా తీసిన ట్యూబ్‌లో 7.2. అంటే ఇది నిజమైన అంకే. హిమోగ్లోబిన్ 10.6, మూడు నెలల కింద 11.7 ఉండేది. ప్లేట్‌లెట్లు, థైరాయిడ్ మామూలే. లివర్ టెస్టు ఎస్‌జీపీటీ 44. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3, పాత రిపోర్టులో 0.8. కండరాల ఎంజైమ్ సీకే 860. యూరిన్ చూడటానికి మామూలుగానే ఉన్నా మైక్రోస్కోప్ కింద ఎర్ర కణాలు ఉన్నాయి.

సంచీ బోర్లించాక

ఇన్నాళ్ళూ కదలని ఐఎన్ఆర్ ఒక్కసారిగా ఇలా లేచిందంటే కొత్తది ఏదో వచ్చి చేరింది. యాంటీబయాటిక్స్ వాడావామ్మా అంటే లేదు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫంగస్‌కి వాడే ఫ్లూకోనజోల్ ఈ పని బాగా చేస్తాయి. జ్వరం, విరేచనాలు రాలేదు. నాటు మందు లేదు. తిండి మారలేదు, గోంగూర, తోటకూర ఎప్పటిలాగే తింటోంది. డోసు పొరపాటున రెండుసార్లు వేసుకుందేమో అని బిళ్ళలు లెక్కపెడితే లెక్క సరిపోయింది. "కొత్త బిళ్ళ ఏమీ లేదు సారూ" అని మళ్ళీ మళ్ళీ చెప్పింది.

అప్పుడు మందుల సంచీ టేబుల్ మీద బోర్లించమన్నాను. మెట్‌ఫార్మిన్, ఎసినోకౌమరాల్, గ్యాస్ బిళ్ళ, కాల్షియం. వాటి మధ్యలో ఇంకో స్ట్రిప్, రెండు బిళ్ళలే మిగిలాయి. వెనక సన్న అక్షరాల్లో రోసువాస్టాటిన్ 10 మి.గ్రా., ఫెనోఫైబ్రేట్ 160 మి.గ్రా. అని ఉంది. మొదటిది కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రెండోది ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు తగ్గించే ఫైబ్రేట్.

"అది షుగర్ డాక్టర్ రాసిండు సారూ. షుగర్ బిళ్ళనే గదా."

మూడు వారాల కింద షుగర్ చూపించుకోవడానికి వేరే క్లినిక్‌కి వెళ్ళింది. అక్కడ లిపిడ్ ప్రొఫైల్‌లో చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 148, ట్రైగ్లిజరైడ్స్ 312 వచ్చాయి. షుగర్ ఉన్న 54 ఏళ్ళ మనిషికి స్టాటిన్ రాయడంలో ఏ తప్పూ లేదు, రాయాల్సిందే. కానీ ఆ చీటీలో వాల్వ్ ఆపరేషన్ సంగతి లేదు, ఎసినోకౌమరాల్ పేరు లేదు, వారంలో ఐఎన్ఆర్ చేయించుకోమన్న మాట లేదు. ఆమె చెప్పలేదో, వాళ్ళు అడగలేదో తెలియదు. షుగర్ చూపించుకోవడానికి వెళ్ళినవాళ్ళు గుండె మందుల పుస్తకం వెంట తీసుకెళ్ళరు. మన దగ్గర ఇది మామూలే.

స్ట్రిప్ చూశాక మిగతాదంతా ఒక వరసలో పడింది. కొత్త బిళ్ళతో తొడల నొప్పులు మొదలయ్యాయి. స్టాటిన్, ఫైబ్రేట్ రెండూ కండరాలకి పడని మందులే, రెండూ కలిస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నొప్పులకి ఇంజెక్షన్ వేశారు. అప్పటికే ఐఎన్ఆర్ పెరిగి ఉంది కాబట్టి సూది దిగిన కండరంలో రక్తం చేరింది. సీకే 860 అంతా స్టాటిన్ ఖాతాలో వేయడం కూడా సరికాదు. కండరంలో సూది వేసినా, కండరంలో రక్తం చేరినా సీకే పెరుగుతుంది. క్రియాటినిన్ పెరగడానికి ఫెనోఫైబ్రేట్ ఒక కారణం కావచ్చు, ఆపితే చాలావరకు దిగుతుంది. డైక్లోఫినాక్ వాటా కూడా కొట్టిపారేయలేం.

లోపల ఏం జరిగింది

రక్తం గడ్డకట్టడానికి కావలసిన 2, 7, 9, 10 నంబర్ ఫ్యాక్టర్లను లివర్ విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. వాడిన విటమిన్ కెని మళ్ళీ పనికొచ్చే రూపంలోకి తిప్పే ఎంజైమ్‌ను ఎసినోకౌమరాల్, దాని కోవకే చెందిన వార్ఫరిన్ అడ్డుకుంటాయి. వీటిని లివర్ ప్రధానంగా సీవైపీ2సీ9 అనే ఎంజైమ్‌తో కరిగిస్తుంది. ఆ ఎంజైమ్‌కి ఎవరైనా అడ్డుపడితే రోజూ వేసుకునే అదే డోసు ఒంట్లో పేరుకుంటుంది.

ఎసినోకౌమరాల్‌లో ఒక విశేషం ఉంది. ఇందులో ఎస్, ఆర్ అని రెండు రూపాలు ఉంటాయి. ఎస్ రూపానిదే బలం ఎక్కువ, కానీ సీవైపీ2సీ9 దాన్ని ఎంత వేగంగా కరిగిస్తుందంటే మామూలు మనిషిలో అది పని మొదలుపెట్టేలోపే వెళ్ళిపోతుంది. మనకి కనబడే ప్రభావం ఎక్కువగా ఆర్ రూపానిది. ఆ ఎంజైమ్ మందగించిందంటే, లెక్కలోనే లేని ఎస్ రూపం రక్తంలో నిలబడి తన బలం చూపిస్తుంది. వార్ఫరిన్‌కి అర్ధాయుష్షు, అంటే ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం, దాదాపు 40 గంటలు కాబట్టి పెరుగుదలా తరుగుదలా రోజుల తరబడి సాగుతాయి. ఎసినోకౌమరాల్‌ది 8 నుంచి 11 గంటలే. ఆపితే తొందరగా దిగుతుంది. ఈ కేసులో అదే మాకు కలిసొచ్చింది.

ఇక దోషి ఎవరు? బిళ్ళలో ఇద్దరున్నారు. ఫెనోఫైబ్రేట్ సీవైపీ2సీ9ని కొంతవరకు అడ్డుకుంటుంది. బ్రిటన్‌లో ఈ మందుతో ఇచ్చే సమాచారంలో, ఇది మొదలుపెట్టేటప్పుడు ఈ రకం మందుల డోసు సుమారు మూడో వంతు తగ్గించి, తర్వాత ఐఎన్ఆర్ చూసి సరిచేసుకోమని ఉంటుంది. రోసువాస్టాటిన్ కూడా అమాయకురాలు కాదు. వార్ఫరిన్ వాడేవాళ్ళకి అది ఇచ్చి చూస్తే ఐఎన్ఆర్ పెరిగింది. వింత ఏమిటంటే, రక్తంలో వార్ఫరిన్ స్థాయి మాత్రం మారలేదు. కాబట్టి "ఎంజైమ్‌ను అడ్డుకుంది" అనే ఒక్క మాటతో రోసువాస్టాటిన్ కథ ముగియదు. ఏ దారిన పెంచినా మనం చేయాల్సిన టెస్టు మాత్రం అదే. ఈమెలో ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పలేను. 7 దాటించే బలం స్టాటిన్ ఒక్కదానికే ఉందని మాత్రం అనుకోను. పెద్ద వాటా ఫెనోఫైబ్రేట్‌దే అని నా అంచనా.

విటమిన్ కె ఎంత?

డ్యూటీలో ఉన్న జూనియర్ అప్పటికే విటమిన్ కె 10 మి.గ్రా. సెలైన్‌లో కలిపి నరంలోకి ఇవ్వడానికి సిద్ధమయ్యాడు. అతన్ని తప్పుపట్టలేం. ఐఎన్ఆర్ 7, పైగా రక్తస్రావం అంటే పరీక్షల్లో రాసే జవాబు చేతికొచ్చేస్తుంది. ప్రాణం మీదికొచ్చే రక్తస్రావం అయితే అదే సరైన జవాబు: నరంలోకి నెమ్మదిగా 5 నుంచి 10 మి.గ్రా., దాంతోపాటు గడ్డకట్టే ఫ్యాక్టర్లను నేరుగా అందించే ప్రోథ్రాంబిన్ కాంప్లెక్స్, అది దొరక్కపోతే ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా.

ఈమెకి ఆ అవసరం లేదు. బీపీ నిలకడగా ఉంది, హిమోగ్లోబిన్ తగ్గింది ఒక గ్రాము పైన కొంచెం. లోపల ఉన్నదేమో మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వ్. 10 మి.గ్రా. ఇస్తే ఐఎన్ఆర్ ఒకటికి పడిపోయి, తర్వాత వారం రోజుల పాటు ఎసినోకౌమరాల్ ఎంత వేసినా లొంగకపోవచ్చు. ఆ వారంలో వాల్వ్ మీద గడ్డ కడితే పక్షవాతం దాకా పోతుంది. గడ్డ కట్టకుండా హెపారిన్ పెడదామంటే పిరుదులో రక్తం చేరి ఉంది. అసలు రక్తస్రావమే లేకపోతే విటమిన్ కె జోలికే వెళ్ళేవాడిని కాదు, ఎసినోకౌమరాల్ ఆపి చూసేవాణ్ణి. కండరంలో వాపు ఇంకా పెరిగేలా ఉందనే నోటి ద్వారా 1 మి.గ్రా. ఇద్దామని నిర్ణయించాను.

ఆ ఒక్క మిల్లీగ్రామ్ బిళ్ళ మా దగ్గర దొరకలేదు. ఇంజెక్షన్ ఆంప్యూల్‌నే నోటికి వాడాం. ఒక మి.లీ.లో 10 మి.గ్రా. ఉండే ఫైటోమెనడియోన్ (విటమిన్ కె1) నుంచి 0.1 మి.లీ. కావాలి. మామూలు సిరంజితో అంత తక్కువ కొలవడం కష్టం. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజితో 4 యూనిట్ల గీత దాకా లాగి, సూది తీసేసి, చెంచాడు చక్కెర నీళ్ళలో కలిపి తాగించింది సిస్టర్. ఇక్కడ ఇంకో జాగ్రత్త. విటమిన్ కె పేరుతో మెనడియోన్ ఆంప్యూల్స్ కూడా ఉంటాయి. ఈ పనికి అవి పనికిరావు. ఆంప్యూల్ మీద పూర్తి పేరు చదివాకే విరగ్గొట్టాలి.

చిగుళ్ళకి, రక్తం కారడం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మి.గ్రా. బిళ్ళ ఒకటి నూరి 10 మి.లీ. నీళ్ళలో కలిపి, రెండు నిమిషాలు పుక్కిలించి ఉమ్మేయమన్నాం, రోజుకి నాలుగుసార్లు. వాపు అంచుల వెంట పెన్నుతో గీత గీశాం, పెరిగితే తెలిసిపోతుందని. కాంబినేషన్ బిళ్ళ, ఆ సాయంత్రం ఎసినోకౌమరాల్ డోసు రెండూ ఆపేశాం. కండరానికి ఇంజెక్షన్లు ఏవీ వద్దని కేస్‌షీట్ మీద ఎర్ర ఇంకుతో రాశాం. నొప్పికి పారాసిటమాల్ మాత్రమే, అదీ రోజుకి రెండు గ్రాములు దాటకుండా. రోజుల తరబడి పెద్ద డోసులో వాడితే అది కూడా ఐఎన్ఆర్ పెంచుతుంది.

మర్నాడు ఉదయం ఐఎన్ఆర్ 3.9. వాపు గీత దాటలేదు. ఆ సాయంత్రం కూడా డోసు ఆపాం. మూడో రోజు 2.7. ఆ సాయంత్రం ఎసినోకౌమరాల్ 2 మి.గ్రా.తో మళ్ళీ మొదలు.

దిగేటప్పుడు కూడా చూడాలి

ఇలాంటి కేసుల్లో అందరూ ఐఎన్ఆర్ ఎక్కడం గురించే మాట్లాడతారు. నాకు అంతకంటే భయం, అడ్డుపడిన మందు ఆపాక వచ్చే రెండో వారం. ఫెనోఫైబ్రేట్, రోసువాస్టాటిన్ రెండింటి అర్ధాయుష్షూ 20 గంటల చుట్టుపక్కలే, కాబట్టి నాలుగైదు రోజుల్లో వాటి ప్రభావం పోతుంది. కిడ్నీ మందగిస్తే ఫెనోఫైబ్రేట్‌కి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఎంజైమ్ మళ్ళీ మామూలు వేగంతో పని మొదలుపెట్టగానే తగ్గించిన డోసు చాలకుండా పోతుంది. పేషెంట్ ఏమో డిశ్చార్జ్ అయి, "ఐఎన్ఆర్ నార్మల్ అయింది" అని ఇంట్లో నిశ్చింతగా ఉంటుంది. రక్తం కారితే కంటికి కనబడుతుంది. వాల్వ్ మీద గడ్డ కడితే మూతి వంకరపోయేదాకా తెలియదు.

అందుకే రెండు మూడు రోజులకోసారి టెస్టు చేయించాం. ఐదో రోజు 2.5. ఎనిమిదో రోజు 2.0. ఆ సాయంత్రం ఒక్కసారి 4 మి.గ్రా. ఇచ్చి, మర్నాటి నుంచి పాత పద్ధతికి, అంటే 2, 3 మార్చి మార్చి వేసుకునేలా తీసుకొచ్చాం. హెపారిన్ ఇవ్వలేదు, పిరుదులో చేరిన రక్తం గడ్డ (హెమటోమా) ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి. ఇంకో డాక్టర్ అయితే ఇచ్చి ఉండవచ్చు, ఇక్కడ వాదనకి చోటుంది. పదో రోజు 2.4, రెండు వారాలకి 2.8. అప్పటికి తొడల నొప్పి పోయింది, క్రియాటినిన్ 0.9కి దిగింది, సీకే మామూలైంది.

కొలెస్ట్రాల్ మందు వదిలేద్దామా?

"ఇంక ఆ బిళ్ళ జోలికి పోను సారూ" అంది. ఇలాంటి సంఘటన తర్వాత చాలామంది జీవితాంతం స్టాటిన్ మానేస్తారు. షుగర్, 148 ఎల్‌డీఎల్ ఉన్న మనిషికి అది సరైన నిర్ణయం కాదు. మార్చాల్సింది ఏ స్టాటిన్ అన్నది.

వార్ఫరిన్ లాంటి మందులతో సింవాస్టాటిన్ ఐఎన్ఆర్‌ను కాస్త పెంచుతుంది. ఫ్లూవాస్టాటిన్ సీవైపీ2సీ9నే అడ్డుకుంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ. రోసువాస్టాటిన్ సంగతి పైన చెప్పాను. అటోర్వాస్టాటిన్, ప్రవాస్టాటిన్, పిటవాస్టాటిన్‌లతో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. మన దగ్గర ఏ ఊళ్ళోనైనా దొరికేది, చవకైనది అటోర్వాస్టాటిన్. నొప్పులు పూర్తిగా తగ్గి, ఐఎన్ఆర్ రెండు వారాలు నిలకడగా ఉన్నాక అటోర్వాస్టాటిన్ 20 మి.గ్రా. రాత్రిపూట మొదలుపెట్టాం. ఐదో రోజు ఐఎన్ఆర్ 3.0, రెండో వారం 3.2, నెలకి 3.0. ఎసినోకౌమరాల్ డోసు ముట్టుకోలేదు.

ఫెనోఫైబ్రేట్ మళ్ళీ ఇవ్వలేదు. 312 ట్రైగ్లిజరైడ్స్‌కి ఈమెలో అది అక్కర్లేదని నా అభిప్రాయం. 500 దాటితే పాంక్రియాస్ వాస్తుందన్న భయంతో ఇస్తాం. స్టాటిన్‌కి తోడుగా ఫెనోఫైబ్రేట్ కలిపితే షుగర్ పేషెంట్లలో గుండెపోట్లు తగ్గుతాయా అని 5,500 మంది పైగా చేరిన అకార్డ్ లిపిడ్ ట్రయల్ చూసింది. 2010లో ఫలితం వచ్చింది, మొత్తంగా చూస్తే లాభం లేదు. అయినా కాంబినేషన్ బిళ్ళ రాసే అలవాటు పోలేదు. ఈమెకి షుగర్ అదుపులో పెట్టి, మూడు పూటలా అన్నం తినే అలవాటు ఒక పూటకి తగ్గించేసరికి ట్రైగ్లిజరైడ్స్ 194కి వచ్చాయి.

డిశ్చార్జ్ రోజు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు వచ్చాడు. "ఐఎన్ఆర్ టెస్టుల గొడవ లేని కొత్త మందులున్నాయంట కదా సార్, అవి రాయొచ్చు కదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అపిక్సాబాన్, రివరోక్సాబాన్, డాబిగాట్రాన్ చాలామందికి బాగా పనిచేస్తాయి. మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళకి మాత్రం వాటిని వాడకూడదు. డాబిగాట్రాన్‌ను మెటల్ వాల్వ్ పేషెంట్లకి ఇచ్చి చూసిన రీ-అలైన్ ట్రయల్‌ను, గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువవడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. కీళ్ళ జ్వరం వల్ల వాల్వ్ చెడి గుండె లయ తప్పినవాళ్ళలో రివరోక్సాబాన్ కంటే వార్ఫరిన్ కోవ మందులే మేలని 2022లో ఇన్విక్టస్ ట్రయల్ చూపించింది. మన పల్లెల్లో ఇలాంటి వాల్వ్ జబ్బులు ఇంకా చాలా ఉన్నాయి. ఐఎన్ఆర్ టెస్టు ఇప్పట్లో మనల్ని వదలదు.

కొడుకు అడిగిన ఇంకో మాట: "పక్కింటాయన కూడా రక్తం పలుచన బిళ్ళ వాడుతున్నాడు సార్, రోసువాస్టాటిన్ కూడా వేసుకుంటాడు, ఆయనకేం కాలేదే?" పక్కింటాయనకి స్టెంట్ వేశారు, ఆయన వాడేది ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. అవి ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తాయి, వాటికి ఐఎన్ఆర్‌తో సంబంధం లేదు. ఆయన రోసువాస్టాటిన్ నిశ్చింతగా వేసుకోవచ్చు. అదే ఆయన బిళ్ళ ఈమె పొరపాటున వేసుకుంటే కథ వేరు. స్టాటిన్ స్ట్రిప్ పేరు చివర "గోల్డ్" అని ఉంటే సాధారణంగా లోపల ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కూడా ఉంటాయి. "ఎఫ్" ఉంటే ఫెనోఫైబ్రేట్. పేర్లు దగ్గరగా ఉంటాయి, షాపులో ఒకటి లేకపోతే ఇంకోటి చేతిలో పెట్టే అవకాశం ఉంది. ఎసినోకౌమరాల్ లేదా వార్ఫరిన్ వాడేవాళ్ళు బ్రాండ్ పేరు కింద సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదివించుకోవాలి.

ఈ కేసు తర్వాత మా ఓపీలో ఒక మార్పు చేశాం. ఐఎన్ఆర్ నోట్‌బుక్ అట్ట మీద స్టిక్కర్ అంటిస్తున్నాం: "ఏ డాక్టర్ ఏ కొత్త బిళ్ళ ఇచ్చినా, ఉన్న బిళ్ళ ఆపినా, 3 నుంచి 7 రోజుల్లో ఐఎన్ఆర్ చేయించాలి. కండరానికి ఇంజెక్షన్ వేయరాదు." రెండో వాక్యం ఊళ్ళో ఆర్ఎంపీ చదవడం కోసం, అందుకే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఈమె షుగర్ చూసే క్లినిక్‌కి కూడా మందుల పట్టికతో ఉత్తరం పంపాను. వాళ్ళు ఫోన్ చేసి మాట్లాడారు, ఇప్పుడు చీటీ మీద వాల్వ్ సంగతి పైనే రాస్తున్నారు.

చివరిసారి చూసినప్పుడు ఐఎన్ఆర్ 2.9, ఎల్‌డీఎల్ 88, హిమోగ్లోబిన్ 11.5. అటోర్వాస్టాటిన్ మొదలుపెట్టి నాలుగు నెలలు. తొడల నొప్పి మళ్ళీ రాలేదు. మోకాళ్ళ నొప్పి మాత్రం ఉంది, దానికి పైపూతగా రాసే మందు ఇచ్చి, వారంలో ఐఎన్ఆర్ చేయించుకుని రమ్మన్నాను.